ఎర్ర బటన్ ముట్టుకోకు

తన తండ్రి ఆ రోజు గొడ్డలి ఎత్తాడా, ఎత్తలేదా అన్న సందేహాన్ని శ్యామల బుద్ధి తెలిసిన నాటి నుంచీ మోస్తూ వచ్చింది. ఆ సంగతి బయటపెట్టకుండా, భర్త సతీష్‌ను వెంటబెట్టుకుని, సారపాకలో పెళ్లిళ్ల వీడియోలు తీసే ఉదయ్ భాస్కర్ దుకాణంలో కూర్చుని పాత కెమెరా బేరం చేస్తోంది. మిట్టమధ్యాహ్నం.

"అదొక్కటే చెప్పు సారూ. పాత క్యాసెట్ పెడితే ఆడుతదా, ఆడదా?"

"ఆడుతుందమ్మా. ముందు లెన్సు చూసుకో. కొనేవాళ్లు ఎవరైనా లెన్సే చూస్తారు. ఇదిగో, వెలుతురుకి పెట్టి చూడు. ఎక్కడైనా బూజు చార ఉందా? ఆ రోజుల్లో సారపాక నుంచి పాల్వంచ దాకా ఇలాంటి కెమెరా నా ఒక్కడి దగ్గరే ఉండేది."

"లెన్సు మంచిగున్నది. క్యాసెట్ సంగతి చెప్పు."

"చెబుతా. కొత్తగా నేర్చుకునేవాళ్లు పాత కెమెరా కొంటే ముందు తెలుసుకోవాల్సినవి ఉన్నాయి. బ్యాటరీ పోయింది, కరెంటు వైరు పెట్టి నడపాలి. లోపల తిరిగే హెడ్డు ఎన్ని గంటలు తిరిగిందో అడగాలి. నువ్వు అడగలేదు, నేనే చెబుతున్నా. చాలా తిరిగింది. అయినా బొమ్మ చెక్కు చెదరదు."

"అడిగింది చెప్పవేందే సారూ. శ్యామలా, కొనుక్కపోదాం పా. గీ ముచ్చటంత ఎందుకు?"

"సతీషూ, నువ్వు ఊకో. సారు చెప్తడు."

"మీ ఆయనకి కోపం ఎక్కువలాగుందే! ఇంతకీ దీంతో ఏం తీస్తావమ్మా?"

"మా దిక్కు పండుగలు తీస్త. యూట్యూబుల పెడత."

"దానికి నీ చేతిలో ఫోన్ చాలు తల్లీ. ఇది మోస్తే సాయంత్రానికి భుజం పడిపోద్ది. తీసింది కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఇంకో వైరు కావాలి, ఆ వైరు పెట్టే కంప్యూటరే ఇప్పుడు దొరకదు. నా సరుకు నేనే వద్దంటున్నా, చూశావా."

"అమ్ముతవా, అమ్మవా?"

"అమ్ముతా. కానీ నాకొకటి అర్థం కావట్లేదు. తీయడానికి కొనేవాళ్లు ఎలా తీస్తుందని అడుగుతారు. నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ ఎలా ఆడుతుందని అడుగుతున్నావు."

"ఈ క్యాసెట్ పెట్టే తలుపుల ఏంది, బియ్యమా?"

"ఆఁ, తలంబ్రాలు. ఎన్నిసార్లు ఊదినా ఒక గింజ ఎక్కడో దాక్కునే ఉంటుంది. పెళ్లిళ్ల కెమెరా కదా."

"మరి ముందట ఎర్రగ గడ్డ కట్టింది?"

"కుంకుమ. ప్రతి దసరాకి బొట్టు పెడతాం. గోకకమ్మా, గోకకు."

"దీని కింద లైటున్నది."

"కెమెరా నడుస్తుంటే వెలిగే లైటు అది. మా ఆవిడ బొట్టు సరిగ్గా దాని మీదే పెట్టేది. ఏళ్ల తరబడి పెట్టి పెట్టి పూడుకుపోయింది. నడుస్తోందో ఆగిందో ఎదుటివాళ్లకి తెలిసేది కాదు."

"తెలిసేది కాదా?"

"తెలిసేది కాదు. ఎందుకలా చూస్తున్నావ్?"

"దీంతోటి పెండ్లిళ్లే తీసినవా? వేరేటియి ఏం తియ్యలేదా?"

"ఓణీ ఫంక్షన్లు, పుట్టువెంట్రుకలు. ఎవరైనా పోతే దినాలు. ఇంకేముంటాయి?"

"జామాయిల్ తోటలు?"

"తోటలెవరు తీయిస్తారమ్మా!"

"కాంట్రాక్టర్లు తీయిస్తరు. జామాయిల్ పెట్టేటందుకు మా పోడు చేన్ల మీదికి ట్రాక్టర్లు తోలేటప్పుడు. ఈ భూమి ఖాళీగనే ఉండె, మేమెవల్ని కొట్టలే అని రేపు చూపిచ్చుకునేటందుకు. పొద్దున కిరాయి మాట్లాడుకొని కెమెరా సారును ట్రాక్టర్ మీదనే ఎక్కిచ్చుకొని పోతరు."

"మీది మణుగూరు అన్నావు కదూ లోపలికి వస్తూనే."

"అన్న. మాది మణుగూరు కాదు. ఇప్పలగుంపు."

"ఈ కెమెరా నేను అమ్మనమ్మా. మీరు వెళ్లండి. నాకు భోజనం టైమయింది, షుగరున్న మనిషిని."

"సతీషూ, షట్టర్ దించు."

"ఏయ్ తమ్ముడూ! షట్టర్ ఎందుకు? ఇదిగో, చెయ్యి తియ్యి. చొక్కా వదులు!"

"ఒర్రకు. ఇది పొద్దాక వెదురు నరికే కత్తి. నీ గొంతు వెదురంత గట్టిగుండదు."

"అమ్మా, మీ ఆయన్ని ఆపు! కావాలంటే ఊరికే తీసుకుపో!"

"నేను బొజ్జయ్య బిడ్డను. పేరు మరిచినవా?"

"మరిచిపోలేదు."

"కొత్తగూడెం కోర్టుల బోనెక్కి ఏమన్నవు? నీ నోటితోనే చెప్పు."

"కెమెరా పనిచేయలేదన్నాను."

"పనిచేసిందా, చెయ్యలేదా?"

"పాత సంగతి తల్లీ. తవ్వితే ఎవరికి లాభం?"

"నాకు లాభం! మా నాయన మనిషిని చంపిండని జైల్లనే సచ్చిండు. ఊళ్లె సగం మంది కొట్టిండంటరు, సగం మంది ఆయన వాగు అవుతల ఉండె అంటరు. అమ్మనడిగితే లేచి బయటికి పోయేది. నిన్ను అడుగుతున్న. నీ కెమెరా డబ్బల అంత ఉండె. నువ్వు ఒక్క మాట నిజం చెప్తే మా నాయన ఇంటికి వచ్చేటోడు. కాంట్రాక్టర్ ఎంత పెట్టిండు నీ నోట్ల?"

"ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. రామయ్య మీద ఒట్టు."

"రామయ్య పేరు తియ్యకు! ఆయన మీద ఒట్టేసే గదా కోర్టుల అబద్ధమాడినవ్?"

"అవును."

"శ్యామలా, గిట్లడిగితే వీడు చెప్పడు. జరుగు."

"అబ్బా! కొట్టకు, కొట్టకయ్యా! పన్ను... పన్ను కదిలింది..."

"కదలనియ్యి. ఇంకోటి కావాల్నా? మా అత్తను జుట్టు పట్టి రాళ్ల మీద గుంజుకపోయినప్పుడు నువ్వు సూసుకుంట నిలవడ్డవంట. ఇప్పుడు నేను గుంజుత, నువ్వే సూసుకో!"

"సతీషూ, ఆగు. నెత్తిల కొట్టకు, మాట్లాడాలె ఈయన. సారూ, ఇటు చూడు. ఇదేందో గుర్తుపడతవా?"

"ఈ క్యాసెట్... ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"మొన్న వానకాలంల మా అమ్మ పోయింది. ఇత్తనాలు పెట్టే సొరబుర్ర గుమ్మరిస్తే నడుమల పడ్డది. పాలితిన్ కవరు, దాని మీద గుడ్డ, చుట్టు బూడిద."

"భీమక్క పోయిందా?"

"మా అమ్మ పేరు నీకెట్ల తెలుసు?"

"పోయిందా... నాకు ఎవరూ చెప్పలేదు. బూడిదలో పెట్టిందా? నా బీరువాలో ఉన్న పెళ్లిళ్ల క్యాసెట్లన్నీ బూజు పట్టిపోయాయి. ఇది చూడు, నిన్న తీసినట్టుంది."

"దీని మీద నీ దుకాణం పేరున్నది, మా ఊరి పేరున్నది. ఇది ఆడే మిషను కోసం ఖమ్మం తిరిగిన, కొత్తగూడెం తిరిగిన. అందరు గవి ఎప్పుడో పోయినయన్నరు. ఆఖర్కి ఒకాయన నీ పేరే చెప్పిండు. తీసినోని దగ్గరనే ఉన్నదంట. ఎట్ల ఆడియ్యాలె దీన్ని?"

"వద్దమ్మా."

"ఎట్ల ఆడియ్యాలె?"

"వద్దు తల్లీ. నీ మంచికే చెబుతున్నా. పోయినవాళ్లు పోయారు. నువ్వు అనుకుంటున్నది వేరు, అందులో ఉన్నది వేరు."

"సతీషూ."

"పండు కింద. నేల మీద బోర్ల పండురా!"

"అమ్మా! మెడ... మెడ మీంచి కాలు... ఊపిరి..."

"నువ్వు చెప్పేదాక తియ్యడు."

"చెప్పను... చంపినా... చెప్పను..."

"అయితే గట్లనే ఉండు, నేనే చూసుకుంట. కరెంటు వైరు పెట్టిన. తలుపు ఇట్ల తెరుసుకుంటది. క్యాసెట్ పెట్టిన. లోపల్కి పోయింది. స్క్రీన్ గూడ వెలిగింది. అరే, ఈ షాపే కనబడుతున్నది, సతీష్ కాళ్లు కనబడుతున్నయి. గంతేనా? ఇగ ఈ ఎర్రది ఒత్తితే..."

"ఎర్ర బటన్ ముట్టుకోకు!"

"ఏంది?"

"ముట్టుకోకు! అది ఆడించేది కాదు, రికార్డు చేసేది! ఒత్తావంటే పాతదాని మీద కొత్తది ఎక్కుతుంది. ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోద్ది! వేలు తియ్యి. వేలు తియ్యమ్మా, నీకు దండం పెడతా!"

"శ్యామలా, భయపెడుతుండు. నువ్వు ఒత్తు."

"నువ్వుండు సతీషూ. తుడుసుకపోతే నీకే మేలు గదా సారూ. ఎందుకు చెప్పినవ్?"

"క్యాసెట్ బయటికి తియ్యి ముందు. వెనక అంచున చిన్న పట్టీ ఉంటుంది, గోరుతో పక్కకి జరుపు. జరిపావా? ఇక ఎవరు ఏది ఒత్తినా దాని మీద ఏదీ ఎక్కదు."

"జరిపిన. ఎందుకు చెప్పినవని అడుగుతున్న."

"మీ అమ్మా నాన్నా ఇక మిగిలింది అందులోనే కదమ్మా. అది నా దుకాణంలో, నా కళ్ల ముందు చెరిగిపోతే... వద్దు. చూడు. నువ్వే చూడు. క్యాసెట్ మళ్లీ లోపల పెట్టు. పక్కన తిప్పే బిళ్ల ఉంది. వీసీఆర్ అని రాసిన వైపు తిప్పు. వెనక్కి చూపించే బాణాలు ఒత్తు. చప్పుడు వస్తోందా?"

"వస్తున్నది."

"రానియ్యి. ఆ... ఇక చాలు. ఇప్పుడు ఒంటి బాణం ఒత్తు."

"శ్యామలా, ఏం కనబడుతుంది? నాకు చెప్పు, నేనిక్కడ వీన్ని ఇడిసిపెట్టి రాలేను."

"జొన్న చేను. కంకులు పట్టినయి. చేన్లకెల్లి ట్రాక్టర్ పోతున్నది. ఆగో, ముసలయ్య తాత! మా ముసలయ్య తాతనే. ఎంత నల్లగుండె జుట్టు! ట్రాక్టర్ ముందట పండిండు. ఎవడో వచ్చి... తన్నిండు. తాతను రొమ్ముల తన్నిండు!"

"ఎవడు వాడు?"

"మీసాలోడు. ఎర్ర బనీను."

"వాడే వీరన్న. కాంట్రాక్టర్ దగ్గర మేస్త్రీ."

"సచ్చిపోయింది ఈయనేనా?"

"వాడే."

"గుడిసెలు అంటువెడుతున్నరు. ఆడోళ్లు ఒర్రుతున్నరు. కోళ్లు మండుకుంట ఉరుకుతున్నయి. మా అమ్మ... సతీషూ, మా అమ్మ! ఇంత సన్నగుండెనా? వీరన్న జుట్టు పట్టిండు. గుంజుతుండు. రాళ్ల మీద గుంజుతుండు. మోకాళ్లు పగిలి నెత్తురు కారుతున్నది. నేను చూడలేను."

"చూడు. ఇందుకే గదా వచ్చింది. చూడు!"

"కట్టెతోటి కొడుతుండు. వీపు మీద. కొడుతనే ఉన్నడు. సారూ, ఇదంత నిలవడి తీసినవా? ఆపబుద్ధి కాలేదా?"

"పెళ్లిళ్లు తీసే చెయ్యమ్మా అది. మూడు ముళ్లు పడేటప్పుడు పందిట్లో ఎవరు తన్నుకున్నా ఆపడం దానికి రాదు. కెమెరా ఆపరా అని వీరన్న అరిచాడు. ఆపానన్నాను. లైటు బొట్టు కింద ఉంది కదా, నమ్మాడు. కాసేపు నమ్మాడు."

"కాసేపటికేమైంది?"

"దగ్గరికొచ్చాడు. లోపల క్యాసెట్ తిరిగే చప్పుడు విన్నాడు."

"అవ్, నీ మీదికే వస్తుండు. మొఖం పెద్దగయితున్నది. 'ఇంక తీస్తున్నవారా' అంటుండు. ఆఁ... అంత తిరిగిపోయింది. ఆకాశం. మట్టి. బొమ్మ పక్కకు పండింది. ఇగ మనుషులు కనబడతలేరు, కాళ్లే. కాళ్లు, గడ్డి. నీ మొఖం, సారూ. మట్టిల ఉన్నది. నోట్ల నెత్తురు."

"ఊఁ."

"నీ మెడ మీద బూటు. తొక్కుతుండు. కండ్లు ఎల్లుకొస్తున్నయి నీయి. సతీషూ!"

"ఏంది?"

"కాలు తియ్యి."

"తీస్తే లేస్తడు."

"తియ్యి! ఇందుల గదే ఉన్నది. గిట్లనే, గీ మెడనే. తియ్యి వాని మెడ మీదికెల్లి నీ కాలు!"

"తీసిన, తీసిన. గట్ల ఒర్రుతవేందే?"

"లే సారూ. గోడకు కూసో. కత్తి అటు పెట్టు సతీషూ, నా కండ్ల ముందట పెట్టకు."

"అమ్మా... ఇక్కడితో ఆపెయ్యి. బతిమాలుతున్నా."

"మా నాయన ఇంక రాలే."

"వస్తాడు. తర్వాత వస్తాడు. ఆపు."

"తర్వాతనా? మరి ఇప్పుడు వస్తుంది ఎవలు? కాళ్లు ఉరుకొస్తున్నయి. ఉత్త కాళ్లు. మోకాలికెల్లి నెత్తురు కారి... కాళ్లకు కడియాలు. కడియాలా? మా నాయనకు కడియాలేడియి?"

"చూడకు తల్లీ."

"వీరన్న పడ్డడు! బూటు లేసిపోయింది. మొఖం గడ్డిల పడ్డది, నెత్తిల గొడ్డలి. మళ్ల లేపింది. మళ్ల ఏసింది. ఇంకా... వాడు కదులుతలేడు గదా, ఇంకెందుకు... సారూ, ఆ కడియాలు ఎవలియి?"

"శ్యామలా..."

"నిన్ను కాదు సతీషూ, సారునడుగుతున్న! ఎవలియి?"

"శ్యామలా, నీ కాళ్లు చూసుకో. అత్త పోతె తీసి నీకు పెట్టిన కడియాలు గవి."

"ఆమెకి నేను ఎవరో తెలియదమ్మా. వాళ్ల ట్రాక్టర్ ఎక్కి వచ్చినవాణ్ని. వాళ్ల మనిషినే అనుకుని ఉంటుంది. అయినా వచ్చింది. మెడ మీద బూటున్నవాడు ఎవడైతేనేం అనుకుందేమో. నేనెన్నోసార్లు అనుకున్నాను, ఆమె చోట నేనుంటే అలా పరుగెత్తేవాణ్నా అని."

"నువ్వు తీసుకుంట నిలవడ్డవు. ఆమె ఉరికొచ్చింది."

"అవును."

"మరి మా నాయన?"

"ఇంకా ఉంది. చూడు."

"ఇంకో రెండు కాళ్లు. మెల్లగొస్తున్నయి. మడిమెలు పగిలి, బురద. తడిసున్నయి. వాగు దాటొచ్చిండు. సారూ, ఇది మా నాయననా?"

"ఆయనే."

"మా ఇంట్ల ఆయన ఫొటో ఒక్కటి లేదు. కాళ్లే ఉన్నయి ఇందుల. కాళ్లే. ఏదో పసిపిల్ల ఒక్కతీరుగ ఏడుస్తున్నది వెనుక. నాయన మాట్లాడుతుండు. మా కోయ మాట. అమ్మ ఏదో అంటున్నది. గొడ్డలి కిందికి దిగింది, ఇద్దరి చేతులు దాని మీదనే. అమ్మ ఇడుస్తలేదు. మళ్ల నాయన..."

"ఇప్పుడు నా దగ్గరికి వస్తాడు. తెలుగులో చెబుతాడు. విను."

"'సారూ, పాణమున్నదా? నీ డబ్బ పనిచెయ్యలే. ఎవలడిగినా గదే చెప్పు.'"

"విన్నావుగా. కోర్టులో నేనన్నది ఆయన మాటే. నా మాట కాదు. ఆయన బోనులో నుంచి నన్నే చూస్తున్నాడు, చెప్పు సారూ అన్నట్టు. నిజం చెబితే ఆమె పోతుంది, అబద్ధమైతే ఆయన పోతాడు. అప్పట్నుంచి భద్రాచలంలో గాలిగోపురం దాటి లోపలికి పోలేదమ్మా. బయట నిలబడే అడుగుతాను, తప్పా ఒప్పా నువ్వే చెప్పు స్వామీ అని. ఆయనేం చెప్పలేదు ఇంతవరకూ."

"క్యాసెట్ అమ్మకు నువ్వే ఇచ్చినవా?"

"ఆ సాయంత్రమే. కాల్చెయ్యమని ఇచ్చాను. కాల్చలేదు చూడు."

"మా మామ బొమ్మ ఉన్నది గదా. ఎట్ల కాలుస్తది?"

"నిజమే తమ్ముడూ. అది నాకు తట్టలేదు."

"సారూ... పన్ను ఊడిందా? నెత్తురొస్తున్నది. సతీషూ, గా నీళ్ల బాటిల్ ఇటియ్యి."

"పన్నుకేం లేదమ్మా, పోతే పోయింది. నాకొక్కటి చెప్పు. క్యాసెట్ చేతికిచ్చేటప్పుడు మీ అమ్మని ఒక మాట అడిగాను. గొడ్డలి తీసుకునే ముందు మీ భాషలో ఆయన ఏదో అన్నాడు, ఏమిటమ్మా అది అని. తర్వాత చెప్త సారూ అంది. సంతలో కనిపిస్తే అడిగాను. కల్యాణం నాడు గోదావరి ఒడ్డున కనిపిస్తే అడిగాను. తర్వాత, తర్వాత అనేది. ఆ ఒక్క మాట నాకు బాకీ పడిపోయింది భీమక్క. దేని కోసం అబద్ధమాడానో నాకు తెలియాలి కదా తల్లీ."

"ఆమె ఎట్ల చెప్తది సారూ..."

"నువ్వు విన్నావుగా?"

"విన్న."

"నేను విననే లేదు శ్యామలా. నాకు గూడ చెప్పు. ఏమన్నడు మామ?"

"చెప్త. మా అమ్మ బాకీ నేను తీరుస్త. నేనే కొట్టిన, నేనే పోత అంటున్నది అమ్మ. గప్పుడన్నడు నాయన, 'ఇటియ్యవే పిచ్చిదానా. జైలుకు ఎవలన్న పోవచ్చు. శ్యామలకు పాలు నేనియ్యలేను గదా.'"